దొరసాని కాలికి ఆనెకాయ పట్టీ

కండక్టర్ గారి నోట్లో ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "అలాగే." ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు నిండా జనం ఇక్కడ ఆపండి, అక్కడ ఆపండి అని ప్రాణం తీస్తుంటే అలాగే అలాగే అంటూ నెట్టుకొచ్చాడు. బస్సయితే వదిలేశాడు గానీ ఆ మాట వదల్లేదు. పక్కింటివాళ్లు నిచ్చెన అడిగితే అలాగే. ఎదురింటివాళ్లు ఊరెళుతూ కుక్కని చూసుకోమంటే అలాగే. నిచ్చెన మోసుకెళ్లి ఇచ్చేదీ, కుక్కకి అన్నం పెట్టేదీ మాత్రం ఆయన భార్య. అయినా ఆయనకి మంచివాడని పేరు, ఆవిడకి గయ్యాళని పేరు. ఇదెక్కడి న్యాయమో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఆవిడని వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లూ, స్కూలు యూనిఫారాలూ కుడుతుంది. దాని వెనక వంటిల్లు, వంటింటి వెనక మంచమంత సిమెంటు పెరడు. ఆ పెరట్లో ఆవిడ కోళ్లు. ఆవిడవి అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పిల్లలుగా ఉన్నప్పుడు వాటిని మిషను కింద, చెప్పుల పెట్టెలో, కత్తిరింపు ముక్కల మధ్య పెట్టుకుని పెంచింది ఆవిడే. వాటిలో ఎర్రపెట్ట పేరు దొరసాని. కాలు మోపడమే నేలకి చేసే ఉపకారం అన్నట్టు నడుస్తుంది.

అలాంటి దొరసాని ఒక పొద్దున ఒంటికాలి మీద నిలబడింది. గింజలు చల్లితే మిగతావన్నీ ఎగబడ్డాయి, ఇది మాత్రం కుంటుకుంటూ వచ్చి, రెండు గింజలు ఏరుకుని చతికిలబడింది. టైలరమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుని కాలు తిప్పి చూసింది. అరిపాదం ఉబ్బి, వేడిగా ఉంది. నడిమధ్యన మిరియపు గింజంత నల్లటి చెక్కు కట్టి ఉంది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. దీని పాదానికి ఏదో అయింది."

కండక్టర్ గారు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "ఓస్, ఇదా! ఆనెకాయ. నన్నడుగు చెబుతాను."

ఆనెకాయల విషయంలో ఆయన్ని కాదనడం కష్టమే. ఏళ్ల తరబడి కదిలే బస్సులో నిలబడి రెండు పాదాల నిండా వాటిని పండించుకున్న మనిషి. మందుల షాపులో అమ్మే గుండ్రటి పట్టీలు, మధ్యలో మందు చుక్క ఉంటుందే, అవి ఆయన చొక్కా జేబులోనే ఉంటాయి. ఒకటి తీసి, కోడి పాదానికి సరిపడా కత్తిరించి, మురిపెంగా అంటించాడు. చేతినిండా పనితో ఉన్న టైలరమ్మ, పోనీలే, ఈ ఒక్క విషయంలోనైనా పనికొచ్చాడు అనుకుని ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నానా అని ఆ తర్వాత ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

పట్టీ ఊడదీసేసరికి చర్మం తెల్లగా ఉడికినట్టయి పొరలు పొరలుగా లేచింది. వాపు వేళ్ల దాకా పాకింది. దొరసాని తిండి మానేసింది.

"నాకు తగ్గింది కదా, దానికెందుకు తగ్గలేదూ?" అన్నాడు కండక్టర్ గారు.

"మీకెక్కడ తగ్గిందండీ? ఇప్పటికీ గుమ్మం దిగాలంటే గోడ పట్టుకుంటారు! మీ కాళ్ల మీద పనిచెయ్యని మందు దాని కాలి మీద పెట్టారా?"

అంతటితో అయిపోయినా బాగుండేది. ఆ సాయంత్రం ఆయన చెల్లెలు ఫోన్ చేసింది. టైలరమ్మ బొత్తాలు కుడుతూ ఒక చెవి అటు వేసింది. "పాపం, కుంటుతోందే... తినడం కూడా లేదు... అవును, అదీ నిజమే... అలాగే. అలాగేలే, ఆదివారం వచ్చెయ్."

సూది గుడ్డలో గుచ్చి లేచింది. "ఏమిటి అలాగే?"

"అదే... ఎలాగూ బతికేలా లేదు కదా, చిక్కిపోకముందే వండేసుకుంటే నయం కదా అంటోంది చెల్లి. ఆదివారం వస్తానంది."

"ఎవరి కోడి అది?"

"మన కోడే."

"మన అనకండి. ఎవరి కోడి?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు. "మాట ఇచ్చేశాను కదే, ఇప్పుడెలా?"

"ఇచ్చింది మీ మాట. పోయేది నా కోడి. బాగుందండీ బేరం!"

టైలరమ్మకి కోపం కొత్త కాదు. కానీ ఈ కోపం వేరు. కాలు నొప్పని ఒక ప్రాణి ఒళ్లో కూర్చుని నమ్మకంగా చూస్తుంటే, ఎవరు తినాలా అని ఫోన్లో మాట్లాడుకుంటారా? పెంచిన మనిషి పక్క గదిలోనే ఉంటే ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా? ఆ పూటంతా గిన్నెలు చప్పుడు చేశాయి.

మర్నాడు మిషను మీద గుడ్డ కప్పి, దొరసానిని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. కండక్టర్ గారు గొడుగు పట్టుకుని వెనకాలే నడిచాడు. అక్కడ చొక్కా తొడిగిన కుక్కపిల్లతో కూర్చున్న ఒకాయన బుట్టలోకి తొంగిచూసి నవ్వాడు. "కోడికి కూడా వైద్యమా అమ్మా?"

"మీ కుక్క గుడ్డు పెడుతుందా?" అంది టైలరమ్మ. ఆయన కుక్కపిల్ల చొక్కా సర్దడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ పాదం వెలుగులోకి తిప్పింది. "చర్మం ఇలా కాలిందేమిటి?"

టైలరమ్మ భర్త వైపు చూసింది. భర్త గోడ మీది ఆవు బొమ్మ వైపు చూశాడు. చివరికి ఆయనే ఒప్పుకున్నాడు.

"ఆనెకాయ పట్టీలో ఉండేది చర్మాన్ని తినేసే మందండీ. ఇది ఆనెకాయ కాదు, పుండు. పాదం పగిలి లోపలికి క్రిములు పోయి, చీము గట్టిపడింది. ఇంతకీ ఇది పడుకునేది ఎక్కడ?"

ఇనప గొట్టం మీద. కండక్టర్ గారే కట్టాడు, బస్సులో పట్టుకునే కమ్మీలాగా, తన భుజమంత ఎత్తున. కింద సిమెంటు.

"రోజూ అంత ఎత్తు నుంచి సిమెంటు మీదకి దూకితే ఏ పాదమైనా చితుకుతుంది," అంది డాక్టరమ్మ. చీము ముద్ద తనే తీసి, ఇంట్లో మాత్రం బ్లేడు ముట్టొద్దంది. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో పాదం నానబెట్టాలి, తుడిచి ఆరబెట్టి మందు రాయాలి, దూది మెత్త పెట్టి కట్టు కట్టాలి, చేతులకి తొడుగులు వేసుకోవాలి. కింద పొడి రంపపు పొట్టు, పడుకోవడానికి తక్కువ ఎత్తులో వెడల్పాటి నున్నటి చెక్క. మందులు వాడుతున్నన్నాళ్లూ, అవి మానేశాక తను చెప్పేదాకా గుడ్లూ మాంసమూ ఏదీ తినకూడదు.

ఇంటికొచ్చాక కండక్టర్ గారు దొరసానిని తువ్వాలులో చుట్టి పట్టుకున్నాడు, టైలరమ్మ వేళ్ల సందుల్లోంచి జాకెట్టు చంకకి పట్టీ వేసినంత జాగ్రత్తగా కట్టు తిప్పింది. గొట్టం విప్పేసి, చెక్క చిత్రిక పట్టి అమర్చింది కూడా ఆయనే. బాగా చేశారు అని ఆవిడ అనలేదు. ఎందుకనాలి?

ఆదివారం ఆడపడుచు వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "ఏదన్నయ్యా, పొయ్యి వెలిగినట్టు లేదే?" అంది.

వంటింట్లో టైలరమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంది. చెప్పాల్సిన మాటలన్నీ పొద్దుటి నుంచి కూడబలుక్కుని ఉంది.

"కోడికి మందులు వాడుతున్నామే. తినకూడదట," అన్నాడు కండక్టర్ గారు.

"అలా చెప్పు మరి. మందులు అయ్యాకే వస్తాలే."

ఆయన నోరు "అ" అన్నంత వరకూ తెరుచుకుంది. ఈలోపే టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మందులు అయ్యాక కూడా అది వంటకి రాదమ్మా. మందులున్నాయని కాదు, నేను పెంచుకున్నానని. మీ అన్నయ్య చెప్పాల్సింది అదీ. మందుల చాటున దాక్కుంటారేమిటండీ, మీరు?"

ఆడపడుచు మొహం చిన్నబోయింది. "ఒక్క కోడికి ఇంత మాటా, వదినా?"

"కోడికి కాదు. నన్ను అడగనందుకు. ఈ ఇంట్లో నిచ్చెన దగ్గర్నుంచి రాత్రుళ్లు మిషను మీద పోయే నా నిద్ర దాకా అన్నీ ఈయన ఇచ్చేస్తూనే ఉన్నారు. ఒక్కసారంటే ఒక్కసారి నన్ను అడిగారా? అడిగితే వాటిలో సగం నేనే ఇద్దును కదా!"

విసురుగా వెళ్లి కంచాలు తెచ్చి పెట్టింది. ముగ్గురూ పప్పుతోనే భోంచేశారు. పెరట్లో దొరసాని కట్టు కాలు పొట్టులో మోపుతూ, ఎత్తుతూ నాలుగడుగులు వేయడం కిటికీలోంచి కనబడుతూనే ఉంది.

బయల్దేరబోతూ ఆడపడుచు అలవాటు కొద్దీ సంచిలోంచి జాకెట్టు గుడ్డ తీసి అన్నయ్య చేతిలో పెట్టింది. "గురువారానికి కావాలన్నయ్యా. కాస్త కుట్టించి ఉంచు."

కండక్టర్ గారు గుడ్డ అందుకున్నాడు. పెదవులు కదిలాయి, ఆగాయి. ఒకసారి భార్య వైపు చూసి, గుడ్డ చెల్లెలికి తిరిగి ఇచ్చేశాడు.

"మీ వదినని అడుగమ్మా," అన్నాడు.

ఆడపడుచుకి కాసేపు అర్థం కాలేదు. తర్వాత ఇటు తిరిగింది. "కుడతావా, వదినా?"

పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. టైలరమ్మ గుడ్డ చేతిలోకి తీసుకుంది, అంచు చూసింది, కొలతలన్నీ ఆవిడకి కంఠతా వచ్చినవే.

"కుడతాను," అంది. "గురువారానికి మాత్రం కుదరదు."