మూలం ఏదండీ?

ఆయనకు విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. బేరం లేనప్పుడు ఫోన్ తీసి ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వంలో వ్యాసాలు దిద్దేవారు. ఎవరేం రాసినా ఒకటే ప్రశ్న: "మూలం ఏదండీ?" ఆ ప్రశ్న కోసమే ఆయన్ని ఇష్టపడ్డాను. మూఢనమ్మకాల మీద సభల్లో ఇన్నేళ్లుగా నేను అడుగుతున్నదీ అదే.

మాకు చెడింది ఒక రేడియో ఆవిడ పేజీ దగ్గర. ఆమె రైతుల కార్యక్రమం చెప్పేవారు. "పొలం గట్టున నిమ్మకాయలు కడితే వరికి దోమపోటు తగ్గదండీ, మందు కొట్టుకోండి" అని ఒకరోజు రేడియోలోనే అన్నారు. ఊళ్లన్నీ వింటుండగా అలా అనడానికి గుండె కావాలి. ఆ సంగతి పేజీలో చేర్చాను. ఆయన తీసేశారు. మళ్లీ చేర్చాను, మళ్లీ తీసేశారు. ఇక కొట్టుకే వెళ్లాను.

"మీరూ విన్నారు కదండీ!"

"విన్నానండీ, మా అబ్బాజాన్ పక్కన కూర్చుని. నేను వినడం మూలం కాదు కదా సార్."

"మరి ఆమె గొంతు వింటే గేదెలు ఎక్కువ పాలిచ్చేవన్న ముక్క ఎందుకుంచారు?"

"అది పేపర్లో వచ్చిందండీ!"

"మీరు నమ్ముతున్నారా?"

"నా నమ్మకంతో పనేంటి సార్?" బిందె తుడుస్తూ శాంతంగా అన్నారు. "మీ నిమ్మకాయల సంగతి కూడా ఎక్కడైనా అచ్చులో రానివ్వండి, నేనే పెడతా."

ఆ శాంతం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అచ్చయితే చాలు, అబద్ధమైనా ఫర్వాలేదనుకునే మనిషి ఆధారం అడిగి ఏం లాభం?

సరే, అచ్చులోనే రాస్తున్నాను. ఆమె ఆ మాట అన్నారు. ఆయనా విన్నారు, నేనూ విన్నాను. గేదెల సంగతి నాకు తెలియదు.