పదిహేడు డిగ్రీలు

కరెంటు పోయి ఇంట్లో ఫ్రిజ్ మోత ఒక్కసారిగా ఆగిపోతే ఇప్పటికీ నా చెయ్యి దాని పిడి మీదికి పోతుంది. తలుపు తీసి చూడాలనిపిస్తుంది. తియ్యను. తియ్యకూడదని నేర్పినవాడు సింహాచలం బాబాయి.

వరసకు బాబాయి కాదు. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి కలకత్తా పక్కన లిలువాలో స్థిరపడిన మనిషి, నగరంలో ఏక్‌బాల్‌పూర్ పేటలో ఉండే మా నాన్నకు స్నేహితుడు. కలకత్తా శివార్లలో పందుల పెంపక కేంద్రం ఒకటి ఉండేది. అక్కడి ప్రయోగశాలలో ఆయన పాత ఉద్యోగి, నేను కొత్త సహాయకురాలిని. మగ పందుల వీర్యాన్ని పలచన చేసి, సీసాలకెత్తి, కృత్రిమ గర్భధారణ కోసం పెంపకందార్లకు ఇచ్చేవాళ్ళం. ఆ సీసాలు చల్లపెట్టెలో పదిహేడు డిగ్రీల దగ్గరే ఉండాలి. అడుగున పేరుకున్న కణాలు కలిసేలా బాబాయి రోజుకు రెండుసార్లు వాటిని మెల్లగా, నిద్రపోయే పాపను ఒత్తిగిలబెట్టినట్టు తిప్పేవాడు. నేను చూసి డైరీలో రాసుకునేదాన్ని. అడగడం మాత్రం చేతనయ్యేది కాదు.

ఒక వేసవి ఉదయం కరెంటు పోయింది. బాబాయి పందుల కొట్టాల దగ్గర పదిమంది మగవాళ్ళ మధ్య ఉన్నాడు. అక్కడికి వెళ్ళి పిలవడానికి సిగ్గు. చల్లపెట్టె తలుపు తీసి థర్మామీటరు చూశాను. పద్దెనిమిది. మళ్ళీ తీశాను. పంతొమ్మిది. నేను తీస్తున్నకొద్దీ వేడి లోపలికి పోతోందని తట్టలేదు. పక్కగదిలో టీకామందుల ఫ్రిజ్ జనరేటర్ మీద నడుస్తోంది. చల్లగా ఉంటే చాలనుకుని సీసాలన్నీ అందులో సర్దేశాను.

గంట తర్వాత బాబాయి వచ్చి చూశాడు. తిట్టలేదు. తలుపు తియ్యకుండా ఉంటే పెట్టెలో చల్లదనం గంటలతరబడి నిలిచేదని మాత్రం చెప్పాడు. ఒక చుక్కను వెచ్చని గాజుపలక మీద వేసి, నన్నే సూక్ష్మదర్శినిలో చూడమన్నాడు. రోజూ ఆ కణాలు చీమలబారులా కదిలేవి. ఆ రోజు ఒక్కటీ కదల్లేదు; టీకామందుల ఫ్రిజ్‌లోని నాలుగు డిగ్రీల చలికి చచ్చిపోయాయి. పైకి చూస్తే మాత్రం సీసాలు ఎప్పటిలాగే ఉన్నాయి.

బయట అరుగు మీద, సీసాల కోసం బడ్జ్ బడ్జ్ అనే ఊరినుంచి వచ్చిన పార్వతమ్మ కూర్చుని ఉంది. ఊరేగింపు వల్ల బస్సులు ఆగిపోయి, సగం దూరం నడిచి వచ్చింది. ఆమెకున్నవి రెండే ఆడ పందులు, రెండూ ఎదకొచ్చాయి. ఈ అదను తప్పితే మళ్ళీ మూడు వారాలు ఆగాలి. తప్పంతా డైరీలో రాసి బాబాయికి చూపిద్దామనుకున్నాను. నా చేతిలో కలం చూసి అన్నాడు:

"రాసుకుంటే సరిపోదమ్మా. ఆవిడ కూకునుంది. ఎల్లి నువ్వే సెప్పు."

వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. సీసాలు పాడయ్యాయని, పాడుచేసింది నేనేనని రెండే ముక్కలు చెప్పగలిగాను. పార్వతమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"సచ్చినవే ఇచ్చీసుంటే నాకేటి తెలుస్తాది?" అంది. లేచి, "సెప్పినావు. అదే సాలు," అంటూ ఖాళీ సంచీ భుజాన వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే బాబాయి మరో మగ పంది నుంచి సీసాలు సిద్ధం చేసి, నా చేతికే ఇచ్చి బడ్జ్ బడ్జ్ పంపాడు. ఒక పందికి ఇంకా ఎద ఉంది. రెండోదానికి పోయింది. పార్వతమ్మ దాని వీపు నిమురుతూ నిలబడింది.

బాబాయి ఇప్పుడు లేడు. ఆ రోజు డైరీ పేజీ ఖాళీగానే ఉంది. ఏదైనా పాడుచేసినప్పుడు ఇప్పటికీ చెయ్యి ముందు కలం కోసమే వెతుకుతుంది. దాన్ని పక్కన పెట్టి, అరుగు మీద ఎవరు కూర్చున్నారో చూడ్డానికి లేస్తాను.