మా ఆటలో పిల్లి సలీం భాయ్

నిన్న పొద్దున సలీం భాయ్ వాళ్లావిడ నస్రీన్ భాభీ ఫోన్ చేసేసరికి మా పాప మిన్నుకి దోశ వేస్తున్నాను.
ఆయన ఇక లేరని చెప్పారు.

"మొన్న కొంచెం నయం, ఆక్సిజన్ తగ్గించారన్నారు కదా భాభీ" అన్నాను.
దోశ మాడిపోయింది. స్టవ్ ఆపాలని కూడా తోచలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. సలీం భాయ్‌ది హైదరాబాద్, మలక్‌పేట. ఇక్కడ జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. డార్మ్‌స్టాట్‌లో మా పక్క వీధిలోనే ఉండేవారు. కోవిడ్ వచ్చి హాస్పిటల్‌కి వెళ్లారు, తిరిగి రాలేదు.

ఏ పార్టీకైనా లేటే. అందరం తినేసి చేతులు కడుక్కునేటప్పుడు నవ్వుకుంటూ దిగేవారు.
సాయంత్రం ఐదింటి ఆటకి మాత్రం ఒక్కరోజు కూడా లేట్ అవ్వలేదు.

లాక్‌డౌన్‌లో కీటా, అదే పిల్లల బడి, మూసేశారు. ప్లే గ్రౌండ్‌కి టేపు చుట్టేశారు. పిల్లలు మా బుర్రలు తినేస్తున్నారు. అప్పుడు ఈయన, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆన్‌లైన్‌లో మాట్లాడుకుంటూ కలిసి ఆడే ఒక వీడియో గేమ్ వెతికి పట్టుకున్నారు. జర్మనీ స్టోర్‌లో డబ్బులు కట్టాలి, జపాన్ స్టోర్‌లో ఫ్రీ. ఇంకేం, మా నాలుగు ఇళ్లలోనూ జపాన్ అకౌంట్లు తెరిపించారు.

గేమ్ అంతా జపనీస్‌లోనే. ఇంతమంది ఇంజినీర్లం, ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

అందులో ఒక కార్టూన్ పిల్లి ఉంది. గుండ్రటి ముఖం, మడిచిన చెవి, మెడలో ఎర్ర కండువా. ఆ కంపెనీ గేమ్స్ అన్నిటి మీదా దాని బొమ్మే ఉంటుంది. జపాన్ పేరు ఏదో ఉంది కానీ, సలీం భాయ్ ఉర్దూలో పిలిచినట్టే, మాకు అది బిల్లీ.

మన ప్లేయర్ పడిపోగానే ఎక్కడి నుంచో వచ్చి ఛాతీ మీద ఎక్కి కూర్చునేది.
శత్రువు అనుకున్నాం. కనిపిస్తే చాలు, పిల్లలూ పెద్దలూ కలిసి చితక్కొట్టేవాళ్లం. అది పారిపోయేది. మేం ఓడిపోయేవాళ్లం. రోజూ ఇదే తంతు.

ఒకరోజు సలీం భాయ్ చాయ్ పొంగుతోందని కంట్రోలర్ పక్కన పడేసి వెళ్లారు. ఆయన ప్లేయర్ పడిపోయాడు. మేం ముందుకెళ్లిపోయాం, కొట్టేవాళ్లు లేరు కాబట్టి పిల్లి తీరిగ్గా వచ్చి కూర్చుని, పంజాతో తట్టింది. ప్లేయర్ లేచి నిలబడ్డాడు.

పాపం, అది మమ్మల్ని లేపడానికి వస్తోంది. ఇన్నాళ్లూ దాన్నే తన్నాం.

పిల్లిగా కూడా ఒకరు ఆడొచ్చని కనుక్కుని, ఆ రోజు నుంచి ఆయనే పిల్లి అయ్యారు. కత్తి లేదు, పాయింట్లు రావు. పడినవాళ్లని లేపడమే పని. పిల్లలు "చచ్చిపోయా" అని అరిస్తే ఒప్పుకునేవారు కాదు.

"సచ్చుడు లేదీడ బేటా. పడ్డవ్ అంతే. ఆగు, వస్తున్న."

భాభీకి ఆ ఆటంటే చిరాకు. వంటింట్లో సాయం అడిగితే, పిల్లలు పడిపోయారు, ఇప్పుడే వస్తా అనేవారట. కంట్రోలర్ ఎప్పుడో కిటికీలోంచి విసిరేస్తానని బెదిరించేవారు.

నిన్న ఆ ఇంటికి ఎవరం వెళ్లలేకపోయాం. భాభీ, పాప జోయా క్వారంటైన్‌లో ఉన్నారు. అన్నం, పప్పు డబ్బాల్లో పెట్టి తలుపు దగ్గర వదిలి, కిందికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. భాభీ కిటికీలోంచి చెయ్యి ఊపారు. చావింట్లో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే వీలు కూడా లేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

ఇంటికొచ్చి మిన్నుకి చెప్పాను.
"పడ్డారా?" అంది.
కాదు, చనిపోయారు అన్నాను. ఆ మాట దాని దగ్గర వాడటం అదే మొదటిసారి.
జర్మన్‌లో, "వేర్ ఇస్ట్ దాన్ డీ కాట్సె?" అంది. మరి పిల్లి ఎవరు అని.

ఐదింటికి మిన్నే టీవీ ఆన్ చేసింది. వద్దందామనుకుని, వెళ్లి పక్కన కూర్చున్నాను. మిగతా రెండిళ్ల పిల్లలూ ఆన్‌లైన్‌లోకి వచ్చారు.

కాసేపటికి స్క్రీన్ మీద పిల్లి వచ్చింది.

ఫోన్ మోగింది. భాభీ.

"జోయా ఏడుస్తలేదు, తింటలేదు. నన్నే బిల్లీ అవ్వమంటుంది. లేపే బటన్ ఏది చెల్లె?"

కుడివైపు కింద ఉన్నది, నొక్కి పట్టుకోండి అని చెప్పాను.

పిల్లి గోడకి గుద్దుకుంది. వెనక్కి నడిచింది. మళ్లీ గోడే.

మొదటి వంతెన దగ్గర మిన్ను ఎప్పుడూ పడదు.
నిన్న పడింది. పిల్లి ఎదురుగా వెళ్లి మరీ పడింది.
లేవకుండా అలాగే ఎదురుచూసింది.

పిల్లి తడబడుతూ వచ్చి దాని మీద కూర్చుంది. తట్టింది.
మిన్ను లేచింది.
ఫోన్‌లో భాభీ ఏడుపు వినిపించింది. పొద్దున్నుంచి ఆవిడా ఏడవలేదట. పక్కనే జోయా, నెక్స్ట్ నేను పడతా అమ్మీ అంటోంది.

సలీం భాయ్, ఇక మీరు ఎవరినీ లేపక్కర్లేదు. ఆ పని భాభీ నేర్చుకుంటున్నారు, మేమంతా ఉన్నాం.
అల్లా చల్లని నీడలో హాయిగా పడుకోండి.