రక్తం తిరిగొచ్చాక అమ్మ కాలు

ఆ మధ్యాహ్నం అమ్మ లేసు అల్లుతూ "ఎడం కాలు తిమ్మిరెక్కిందే" అంది. మాది నరసాపురం. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. మా వీధిలో లేసు అల్లే ఆడవాళ్ళు కాళ్ళు మడుచుకుని గంటలకొద్దీ కూర్చుంటారు. తిమ్మిరిని మేమెవరం జబ్బనుకోం. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. ఆ రోజు పోలేదు.

సాయంత్రానికి నొప్పి మొదలైంది. పక్కింట్లో ఉండే పిన్ని వచ్చి కొబ్బరినూనెతో మర్దనా చేసింది. "మీ అమ్మకి ఆర్డరు ముందు, కాలు తర్వాత" అని దెప్పుతూ పిక్క మీద వేడినీళ్ళ బ్యాగు పెట్టింది.

"వేడిగానే ఉందా అది? నాకేం తెలీడం లేదేంటే?" అంది అమ్మ.

పిన్ని చెయ్యి ఆగిపోయింది. నేను రెండు పాదాలూ పట్టుకు చూశాను. ఎడమ పాదం చల్లగా ఉంది. వేళ్ళు పాలిపోయాయి.

ఊళ్ళో డాక్టరు గారు పాదం మీద వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికారు. "పల్స్ అందడం లేదమ్మా. రక్తం గడ్డకట్టి, క్లాట్ అడ్డుపడినట్టుంది. నూనెలు, కాపడాలు ఆపేయండి. వెంటనే రాజమండ్రి వెళ్ళిపోండి" అన్నారు.

గుండె లయ తప్పి అక్కడ కట్టిన క్లాట్ కాలిలోకి జారిందని రాజమండ్రిలో చెప్పారు. దాన్ని బయటికి లాగేసే ఎంబోలెక్టమీ ఆపరేషన్ చేశారు. సర్జన్ గారు బయటికొచ్చి "క్లాట్ తీసేశాం. రక్తం పారుతోంది" అనగానే మాతో వచ్చిన పిన్ని ఏడ్చేసి, పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడికి అభిషేకం మొక్కుకుంది. అమ్మ పాదం వెచ్చబడింది. గండం గడిచిందనుకున్నాం.

కాసేపటికి నొప్పి మళ్ళీ మొదలై పెరుగుతూ పోయింది. సిస్టర్ గారికి చెప్తే "ఆపరేషన్ అయింది కదమ్మా, ఉంటుంది" అన్నారు. కొత్తవాళ్ళతో ఒక మాట మాట్లాడాలంటే పది సార్లు మనసులో అనుకునే మనిషిని నేను. తిరిగొచ్చి కూర్చున్నాను. నేను అమ్మ కాలి బొటనవేలు కాస్త పైకెత్తితే కేక పెట్టింది. పిక్క చెక్కలా బిగుసుకుపోయింది. యూరిన్ బ్యాగులో డికాక్షన్ రంగు.

మళ్ళీ వెళ్ళాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సిస్టర్ గారూ, మా అమ్మ ఊరికే అరిచే మనిషి కాదండి. ఒక్కసారి వచ్చి ముట్టుకుని చూడండి."

ఆవిడ వచ్చి ముట్టుకున్నారు. మరు నిమిషం సర్జన్ గారికి ఫోన్ చేశారు.

"దీన్ని రీపర్ఫ్యూజన్ ఇంజురీ అంటారమ్మా" అన్నారాయన. "కట్టేసిన కాలవకి లాకులెత్తితే మొదటి నీళ్ళు చెత్తనంతా మోసుకొస్తాయి చూడండి, అలాగే. ఇన్నాళ్ళూ... కాదు, ఇంతసేపూ రక్తం అందక దెబ్బతిన్న కండలోంచి పొటాషియం, యూరిన్‌కి ఆ రంగు తెచ్చే మయోగ్లోబిన్ ఇప్పుడు ఒంట్లోకి వస్తున్నాయి. కండ కూడా వాచిపోతోంది."

"దీనికి మందు లేదాండీ?"

"జరిగిన దెబ్బని పూర్తిగా వెనక్కి తిప్పే మందు ఇంకా లేదు. గుండెనీ కిడ్నీలనీ కాపాడే మందులున్నాయి, అవి ఇస్తాం. కాలు దక్కాలంటే మాత్రం ఫాసియాటమీ చెయ్యాలి, ఇప్పుడే." పిక్క మీది పొర కోసి బిగువు వదిలిస్తారట. సంతకం నేనే పెట్టాను.

ఆపైన సెలైన్, కాల్షియం, ఇన్సులిన్‌తో గ్లూకోజ్, మళ్ళీ రక్తం గడ్డకట్టకుండా హెపారిన్. షుగర్ లేని అమ్మకి ఇన్సులిన్ ఏంటని పిన్ని గొడవపడింది. పొటాషియం దించడానికని సిస్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ పెరిగి, డయాలసిస్ మాట కూడా వచ్చింది. నేను బ్యాగు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. డికాక్షన్ రంగు పలచబడి పసుపైన ఉదయం, అమ్మ "ఏంటే అలా చూస్తావు, సిగ్గు లేదూ" అంది. ఆ మాటకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

పిక్క కోసిన గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. అది తగ్గాక వేరే చోటి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. ఇప్పుడు అమ్మ రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకుంటోంది. పాదం కొద్దిగా ఈడుస్తుంది. లేసు కుర్చీలో కూర్చునే అల్లుతుంది. తిమ్మిరి అన్నవాళ్ళ పాదం పట్టుకు చూడనిదే వదలదు.

నేను చెప్పగలిగేది ఒక్కటే. రక్తం తిరిగొచ్చిందన్నాక కూడా ఆ కాలి మీంచి చెయ్యి తియ్యకండి. నొప్పి పెరిగినా, పిక్క బిగుసుకున్నా సిస్టర్‌కి చెప్పండి. వినకపోతే మళ్ళీ చెప్పండి. మొహమాటపడకండి.