అవ్వ తెచ్చుకున్న పోగు

మా కబడ్డీ జట్టు యజమాని భూపాలపల్లి కాంట్రాక్టరు. లీగులో జట్టు కొన్నాక మా ఆడపిల్లల తల్లిదండ్రులను పిలిపించి, "టీం నా ఒక్కనిదేనా? మీరు గూడ వాటాలు తీసుకోండ్రి. లాభమొస్తే అందరం పంచుకుందం" అన్నాడు. మాది గూడూరు పక్క ఊరు. నా ఆట ఆగకూడదని అవ్వ, అంటే మా అమ్మ, కాళ్ళ వెండి కడియాలు అమ్మి ఒక వాటా కొన్నది. వాటా అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. నలుగురు కలిసి యాటను, ఏ మేకనో గొర్రెనో, కోస్తే మాంసం సమానంగా కుప్పలు పెడతారే, ఆ పోగు. నేనెంత విడమరిచి చెప్పినా "మన పోగు ఎప్పుడిస్తరే?" అనే అడిగేది. నాకు నవ్వూ వచ్చేది, చిరాకూ వచ్చేది.

ఒక్క సీజన్ ఆడామో లేదో, నష్టం వచ్చింది, జట్టు మూసేస్తున్నానన్నాడు ఆ మహానుభావుడు. మా వాటాల డబ్బు, ప్రకటనల డబ్బు మళ్ళించి తన పేర పెట్రోలు బంకు కట్టుకున్నాడని అప్పటికే జనగామ దాకా తెలుసు. మహబూబాబాద్‌లో ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టి, మా ముందు కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా ఎక్కువ భయం వేసింది. రెండేళ్ళు వేరే జట్టుకు ఆడకూడదని మాచేత సంతకాలు పెట్టించుకున్నాడు మరి. పాలకుర్తి జట్టు నన్ను రమ్మంటోంది. రెండేళ్ళు ఇంట్లో కూర్చుంటే నా ఆట అయిపోయినట్టే.

అవ్వ లేచి నిలబడింది. "మరి మా పోగేది సారూ?"

హాలంతా నవ్వింది. నేను తల దించుకున్నాను.

"టీమే పోయిందవ్వా. పంచెతందుకు ఏం మిగల్లే."

"గట్లయితే మా పిల్లలను ఇడిశిపెట్టుండ్రి."

"అదెట్ల కుదుర్తది? రెండేండ్లు వాళ్ళు నా ప్లేయర్లే."

"ఏం మిగల్లేదంటిరి? యాట గీడనే ఉన్నది గద." అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా పోగు నేను తీస్కపోత."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఇంకో తల్లి లేచి తన కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత అందరూ లేచారు. ఎవరో పోలీసు స్టేషన్ మాట కూడా ఎత్తారు. ఆ పూటే మా అందరికీ విడుదల రాసిచ్చాడు. పైసలు మాత్రం రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అవ్వ కాళ్ళు చూస్తే ఏడుపు ఆగలేదు. కడియాలుండే చోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది.

"కడియాలు పాయె గదనే అవ్వా."

"పోతే పోనీ తియ్ బిడ్డా" అంది, నా మోకాలి మీద చెయ్యి వేసి. "అందరికన్న మంచి పోగు నాకే వచ్చింది."