దరఖాస్తులో రాసిన చోటు

ఈ క్షణం వరకు నన్ను కాచిన దేవునికి స్తోత్రం.

బేతంచెర్ల స్టేషన్‌లో బైబిలు చేత పట్టుకుని రైలు కోసం కూర్చున్నాను. అప్పుడే రైలు దిగిన ఒకతను పక్కన కూర్చుని ఒక దరఖాస్తు చూపించాడు. నాపరాళ్ల ఫ్యాక్టరీలో గుమాస్తా పనికి.

"అక్కా, డిగ్రీ యాడ చదివినావని అడిగినారు. నేను జైల్లో ఆన్‌లైన్‌లో చదివినా. ఏం రాయాల?"

నేను సంచిని ఒళ్లోకి లాక్కున్నాను. "జైల్లో నెట్టు ఇస్తారాప్పా?"

"పాఠాల వరకే అక్కా. వార్డరు వెనకనే నిలబడి చూస్తాంటాడు. పాపం, ఆయప్పకు గూడా ఎకనామిక్స్ వచ్చేసింది."

నాకు నవ్వు రాలేదు. కథలు అల్లుతున్నాడనుకున్నాను. త్వరగా వదిలించుకోవాలని, "యూనివర్సిటీ పేరు రాయప్పా, చాలు. జైలు మాట ఎందుకు?" అన్నాను. ఆదివారం బడిలో పిల్లలకు సత్యమే పలకమని నేర్పేదాన్ని నేను.

అతను నా చేతిలోని బైబిలును, నన్ను మార్చి మార్చి చూశాడు.

"దాపెడితే రేపు బయటపడదా అక్కా? అప్పుడు పనీ పోతాది, నా డిగ్రీ గూడా దొంగదంటారు."

'సెంట్రల్ జైలు' అని గుండ్రంగా రాసుకుని ఫ్యాక్టరీ వైపు వెళ్లిపోయాడు.

ఏ నేరం చేశాడో నాకు తెలియదు. అతని మీద అనుమానం ఇంకా పోలేదు. అయినా ఆ కాగితం చదివినవారు అతనికి పని ఇచ్చి ఉండాలని, ప్రభువు నా నాలుకను శుద్ధి చేయాలని నాతో కలిసి ప్రార్థించండి.