కీబోర్డు మోగని రోజు

భవానీపురంలో మా కథోలిక గుడి గాయక బృందాన్ని పదేళ్లుగా నేనే నడుపుతున్నాను. కీబోర్డు నాది, మైకులు నావి, కోపమూ నాదే. ఎవరైనా శ్రుతి తప్పితే పాట మధ్యలోనే గుడ్లురిమి చూసేవాణ్ని.

ఆ కోపానికి ఎక్కువగా గురైంది ఒక పెద్దావిడ. రిటైరైన నర్సు, డెబ్భై దాటాయి. ప్రతి పంక్తి చివరా గొంతు సాగదీసేది. కీబోర్డు ముందుకు పోతుంటే ఆవిడ వెనకాల నింపాదిగా వచ్చేది. పూజను యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వడం మొదలుపెట్టాక ఆ సాగదీత వింటే నాకు ఒళ్లు మండేది. ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సు కాలం మొదటి ఆదివారం, బృందమంతా వింటుండగా, "ఆంటీ, ఇక మీరు కింద జనంలో కూర్చోండి. లైవ్‌లో బాగా రావట్లేదండీ" అన్నాను. అండీ తగిలిస్తే మర్యాద అయిపోతుందనుకున్నాను. ఆవిడ పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని, "అలాగే బాబూ" అని ఆడవాళ్ల వరసలోకి వెళ్లిపోయింది.

పవిత్ర గురువారం పూజలో మహిమ గీతం అయ్యాక, శనివారం రాత్రి ఈస్టర్ జాగరణ దాకా మా గుడిలో వాయిద్యాలు మోగించం. గుడ్ ఫ్రైడే పాటలన్నీ ఒట్టి గొంతుతోనే. శ్రుతి కోసం కీబోర్డు మీద వేలు పెట్టడం తప్ప నాకు వేరే దారి తెలియదు. అయినా పొగరు. జనం సిలువను ముద్దు పెట్టుకోవడానికి వరసలో కదులుతుంటే పాట ఎత్తుకున్నాను, మరీ పైన ఎత్తుకున్నాను. రెండో చరణానికల్లా మగవాళ్లు ఆగిపోయారు. ఆడపిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. చివరికి నా గొంతూ కీచుమని ఆగిపోయింది. గుడి నిండా జనం, ఎక్కడా చప్పుడు లేదు.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి ఆ పెద్దావిడ అదే చరణాన్ని శ్రుతి దించి అందుకుంది. నింపాదిగా, పంక్తి చివర సాగదీస్తూ. ఆ సాగదీతలో పక్కవాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. ముందు ముసలివాళ్లు కలిశారు, తర్వాత గుడి అంతా కలిసింది. నేను పెదవులు కదిపానంతే.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఫాదర్ నా భుజం తట్టారు.

"మధ్యలో మీరు ఆపేసి పాటను జనానికి వదిలేశారు చూడండి, మంచి ఆలోచనండీ."

ఆవిడ రెండడుగుల దూరంలో చెప్పులు వేసుకుంటోంది. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు.

"థాంక్స్ ఫాదర్" అన్నాను.

ఆయన ఆవిడ వైపు తిరిగారు. "మీకు ముందే చెప్పి ఉంచారామ్మా?"

ఆవిడ నా వైపు చూడలేదు. "అవునండీ ఫాదర్, బాబు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు" అంది.

నేను తల ఊపాను. సిగ్గు లేకుండా ఊపాను.

మర్నాడు ఈస్టర్ జాగరణకు సామాను సర్దడానికి వెళ్లాను. పాపసంకీర్తనానికి, ఫాదర్ దగ్గర తమ పాపాలు చెప్పుకోవడానికి, వచ్చినవాళ్ల వరసలో అందరికంటే ముందు ఆవిడ నిలబడి ఉంది. ఏం చెప్పుకోవడానికి వచ్చిందో నాకు తెలుసు. నేను ఆ వరసలోకి వెళ్లలేదు. కీబోర్డుకు వైర్లు తగిలించుకుంటూ ఉండిపోయాను.